కాసిల్ హిల్ సున్నపురాళ్ళ మధ్య నడక: బండి ఆపడం దగ్గర్నుంచి అడుగు వేయడం దాకా

రాళ్ళెక్కడం మనకు కొత్తేం కాదు. హైదరాబాదు చుట్టుపక్కల గుండ్లు, భువనగిరి గుట్ట, హంపి తిరిగొచ్చిన కాళ్ళకు రాయంటే గ్రానైటే. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కాసిల్ హిల్ దగ్గర పచ్చికలో నిలబడ్డ బూడిదరంగు గుండ్లు దూరం నుంచి చూస్తే మన గుట్టల్లాగే కనిపిస్తాయి. కాలు మోసపోయేది అక్కడే. అవి సున్నపురాళ్ళు. గ్రానైటు మీద నేర్చిన అలవాట్లలో సగం ఇక్కడ పనికిరావు, కొన్నయితే పడేస్తాయి కూడా.

తేడా రాయి గట్టిదనంలో ఉంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం, ఖనిజాలను 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. ఎన్ని వేల కాళ్ళు తొక్కినా ఆ పలుకులు గరుకుగానే ఉంటాయి, బూటుకు పట్టు దొరుకుతుంది. సున్నపురాయిలో ఉండేది కాల్సైట్, దాని గట్టిదనం 3. జనం ఎక్కువగా తొక్కిన చోట పాత గుడి గడపలా నున్నబడిపోతుంది. బూటు అడుగున ఇసుక ఉంటే అది గరుకు కాగితంలా పనిచేసి ఇంకా త్వరగా అరగదీస్తుంది. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే కర్నూలు, కడప ఇళ్ళలో పరిచే నాపరాయి, తాండూరు బండ ఉన్నాయిగా, అవీ సున్నపురాళ్ళే. వాన పడ్డ నాపబండల అరుగు మీద ఎంత జాగ్రత్తగా నడుస్తామో తెలిసినవాళ్ళకు ఇక్కడి కిటుకు సగం తెలిసినట్టే. మిగతా సగం ఏమిటంటే, ఈ అరుగు చదునుగా ఉండదు.

దారి, డీజిలు, గాలి

క్రైస్ట్‌చర్చ్ నుంచి స్టేట్ హైవే 73 పట్టుకుంటే సుమారు 100 కిలోమీటర్లు. కారుకు గంటన్నర లోపే, క్యాంపర్‌వ్యాన్‌కు (పడకలు, పొయ్యి ఉన్న అద్దె బండికి) మాత్రం రెండు గంటలు లెక్కేసుకోండి. డార్ఫీల్డ్, షెఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళు వరసగా వస్తాయి. కూరగాయలు, పెరుగు, బియ్యం వంటివి డార్ఫీల్డ్ లోపే కొనేసుకోవాలి. డీజిలు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నింపండి. రోడ్డు పక్కన పెద్ద గులాబీరంగు డోనట్ బొమ్మ కనిపించిందంటే స్ప్రింగ్‌ఫీల్డ్ వచ్చినట్టే. అది దాటాక మళ్ళీ డీజిలు దొరికేది ఆర్థర్స్ పాస్ ఊళ్ళోనే, ధర కూడా ఎక్కువే. మంచినీళ్ళ ట్యాంకు క్రైస్ట్‌చర్చ్‌లోనే నింపి, మురుగునీటి ట్యాంకు అక్కడే ఖాళీ చేసి బయల్దేరడం మేలు. గుండ్ల దగ్గర తాగునీళ్ళు దొరుకుతాయని నమ్ముకోవద్దు.

స్ప్రింగ్‌ఫీల్డ్ తర్వాత పోర్టర్స్ పాస్ ఘాట్ మొదలవుతుంది. ఎత్తు సుమారు 940 మీటర్లు, అంటే పేరున్న ఆర్థర్స్ పాస్ కంటే ఇదే కాస్త ఎక్కువ. ఎక్కేటప్పుడు వెనక నాలుగైదు కార్లు జమవుతాయి. జాగా దొరికిన చోట ఎడమకు తీసి వాళ్ళను పోనివ్వండి. మొహమాటపడి వేగం పెంచడం ఆరు మంది పడుకునే బండితో చేసే పని కాదు. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజనుతోనే ఆపుకుంటూ రావాలి. ఆటోమేటిక్ అయితే చేత్తో గేరు మార్చే వీలుందేమో బయల్దేరేముందే చూసి పెట్టుకోండి. మూడు టన్నుల బండిని బ్రేకు మీదే దించితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడుతుంది. ఊళ్ళు దాటిన రోడ్డు మీద పరిమితి గంటకు 100 కిలోమీటర్లు, 3,500 కిలోల కంటే బరువైన బండికి 90. ఎడమవైపు నడపడం మనకు అలవాటే కాబట్టి అమెరికా నుంచి వచ్చినవాళ్ళకున్నంత తికమక ఉండదు.

గాలి సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ లోయలోకి వాయవ్యం నుంచి కొండలు దాటి వచ్చే గాలి వెచ్చగా, పొడిగా, విసురుగా ఉంటుంది. పడమటి కొండల మీద ఆకాశంలో విల్లులా వంగిన మబ్బు, దాని కింద మబ్బులేని ఖాళీ కనిపిస్తే ఆ గాలి వస్తోందనో, వచ్చేసిందనో అర్థం. ఎత్తయిన బండికి పక్కగాలి తగిలితే లేన్ దాటించేంత తోపు ఉంటుంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని వేగం 70కి తగ్గించండి. ఆ గాలి ఆగి దక్షిణం నుంచి తిరిగిందంటే ఇంకో చిక్కు: చొక్కా మీద తిరిగిన మధ్యాహ్నం కాస్తా గంటలో జాకెట్ వేసుకునే సాయంత్రమవుతుంది.

బండి ఆపే పద్ధతి

కార్ పార్కులోకి రాగానే ఖాళీ కనిపించిన చోట దూర్చేయకుండా ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. గడ్డి వంగిన తీరే చెబుతుంది. బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. ముందు తలుపుల బందులు ముందువైపే ఉంటాయి కనుక ఎదురుగాలి తలుపును మూసేవైపు నెడుతుంది, అప్పుడు మీ చేతికి అదుపు ఉంటుంది. గాలి వెనక నుంచి వచ్చిందా, తలుపు తెరిచిన క్షణంలో లాక్కుని బందుల మీదుగా ముందుకు విరిచేస్తుంది. అద్దె బండ్ల బీమాల్లో ఈ నష్టానికి మినహాయింపులుండటం మామూలే, ఒప్పందం చదివి చూడండి. ఒకసారి ఒక తలుపే తెరవండి. రెండువైపులా తెరిస్తే గాలి బండిలోంచి దూసుకుపోతూ రెండో తలుపును కొడుతుంది. పైకప్పు కిటికీ మూసిందో లేదో చూసుకోకుండా బండి కదపొద్దు.

గ్యాస్ సిలిండర్ వాల్వు ప్రయాణంలో మూసే ఉండాలి. ఫ్రిజ్ గొళ్ళెం వేయండి, లేదంటే పోర్టర్స్ పాస్ మలుపుల్లో పెరుగు డబ్బా నేలమీదకొస్తుంది. బయటికి కనిపించేలా సంచులు, లాప్‌టాప్‌లు వదలొద్దు. చూడదగ్గ చోట్ల కార్ పార్కుల్లో అద్దాలు పగలగొట్టే దొంగలు అక్కడా ఉన్నారు. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి. మరుగుదొడ్డి కార్ పార్కు దగ్గరే ఉంది, గుండ్ల మధ్య లేదు. పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడే చెప్పండి.

కాళ్ళకు, వీపుకు ఏం కావాలి

బూట్ల విషయంలో జనం ఎక్కువగా చేసే పొరపాటు బరువైన తోలు ట్రెక్కింగ్ బూట్లు కొనడం. వాటి అడుగున లోతైన పళ్ళు బురదకు, గడ్డికి బాగుంటాయి. నున్నటి సున్నపురాయి మీద మాత్రం ఆ పళ్ళ కొనలే ఆనతాయి, ఆనే జాగా తగ్గిపోతుంది. మెత్తటి రబ్బరు, వంగే అడుగు, తక్కువ లోతు పళ్ళు ఉన్న ట్రెయిల్ షూలు దీనికి సరిపోతాయి. అడుగు రబ్బరును బొటనవేలి గోటితో నొక్కి చూడండి. కొద్దిగా నొక్కు పడితే పనికొస్తుంది, ప్లాస్టిక్‌లా టకటకమంటే జారుతుంది. అయిదారేళ్ళు అలమారలో పడున్న బూట్ల రబ్బరు చూడటానికి కొత్తగానే ఉన్నా బిరుసెక్కి ఉంటుంది. చెప్పులు, క్రాక్స్ బండిలోనే వదిలేయండి.

ఇండియా నుంచి తెచ్చుకునే బూట్లయితే అడుగులు పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టి తేవాలి. వాడిన బూట్లను న్యూజిలాండ్ విమానాశ్రయంలో ప్రకటించాల్సిందే. చెప్పకుండా మట్టి బూట్లతో దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా పడొచ్చు. పచ్చి కరివేపాకు, తేనె వంటివి అసలు తేవద్దు. పచ్చళ్ళు, పొడుల సంగతి ఫారంలో రాసి చూపించడమే క్షేమం.

ఒక్కొక్కరికి లీటరున్నర నీళ్ళు, గాలి ఆపే జాకెట్, గడ్డం కింద తాడున్న టోపీ, ఎస్‌పీఎఫ్ 50 క్రీము, చలువ కళ్ళద్దాలు, ఒక క్రేప్ బ్యాండేజీ. ఇంతే. కళ్ళద్దాలు ఫొటోల కోసం కాదు. ఆ దేశంలో వేసవి ఎండలో అతినీలలోహిత కిరణాల జోరు మన ఊహకు అందదు, పైగా లేతరంగు రాయి వెలుగును కిందనుంచి కూడా కొడుతుంది. గాలి చల్లగా తగులుతుంటే ఒళ్ళు కాలుతున్న సంగతే తెలియదు. మన రంగుకు ఎండ ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు సాయంత్రం ముక్కు, చెవులు, మెడ వెనక తడిమి చూసుకుంటారు. గడ్డం కింద కూడా క్రీము రాయండి.

ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే దింపుకోండి. అత్యవసర నంబరు 111.

గుండ్ల దాకా

కార్ పార్కు నుంచి కంకర బాట. పది నిమిషాల్లో తొలి గుండ్లు చేరతారు. బాట దాదాపు చదునే. తర్వాత గడ్డి వాలు మీదకు కాలిబాటలు చీలిపోతాయి, గుండ్ల మధ్యన గుర్తులంటూ ఏమీ ఉండవు. సందులోంచి సందులోకి తిరుగుతుంటే పావుగంటలో దిక్కు తప్పుతుంది. తప్పిపోయేంత అడవేం కాదు, కాస్త ఎత్తు ఎక్కితే రోడ్డు, కార్ పార్కు కనబడతాయి. మబ్బు దిగిన రోజు మాత్రం అవీ కనబడవు కాబట్టి వచ్చిన సందు నోటి దగ్గర ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. వచ్చేటప్పుడు చూసిన గుండు పోయేటప్పుడు వేరే ఆకారంలో ఉంటుంది. తీరిగ్గా తిరగడానికి రెండు గంటలు పెట్టుకుంటే సరి.

ఎండిన పొట్టి గడ్డి వాలు కూడా తక్కువదేం కాదు. వేసవిలో చాప మీద నడిచినట్టు జర్రుమంటుంది. బాట ఉన్నచోట బాట మీదే నడవండి. పొదగడ్డి కుదుళ్ళ మధ్య రాతి సందులు దాగి ఉంటాయి, చీలమండ ఇరుక్కునేది అక్కడే.

రాయిని చదవడం

ఎక్కే ముందు ఏదైనా ఒక గుండు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు నిమిషాలు చూడండి, దిగేటప్పుడు ఆ రెండు నిమిషాలే ఆదుకుంటాయి. ఈ రాయి సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న గవ్వల, సూక్ష్మజీవుల పెంకుల ముద్ద. వాననీరు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచటి ఆమ్లమై రాయిని కరిగిస్తూ కిందికి పోతుంది. పోయిన దారుల్లో గాడులు పడ్డాయి. గాడి అడుగు నున్నగా, రెండు గాడుల మధ్య గట్టు కాస్త గరుకుగా ఉంటుంది. అడుగు వేయాల్సింది గట్టు మీద. చూడటానికి గాడిలో పాదం చక్కగా ఇమిడినట్టుంటుంది, కానీ నీళ్ళు పోయే దారి అదే, పాచి పట్టేదీ అక్కడే.

గుండు పైభాగంలో పళ్ళెంలాంటి గుంటలు కనిపిస్తాయి. వాటిలో నిలిచిన వాన రాయిని అడుగునుంచీ పక్కలనుంచీ తినేస్తుంది కాబట్టి గుంట అడుగు చదును, అంచు లోపలికి వంగి పలచన. నీళ్ళు ఎండిపోయినా అడుగున నల్లటి పొర మిగులుతుంది, తడి తగిలితే కలబంద గుజ్జులా జారుతుంది. అంచు మీద బరువు వేయొద్దు. ముందు కొద్దిపాటి బరువుతో నొక్కి చూసి, డొల్ల చప్పుడు వస్తే వదిలేయండి.

రంగు కూడా చూడాలి. లేత బూడిద, పొడి, చేత్తో రుద్దితే సన్నటి ఉప్పుకాగితంలా తగిలితే మంచి రాయి. నిలువుగా దిగిన నల్లచారలు నీటి దారులు. మెరుస్తున్న పసుపుదనం ఉన్నచోటు వేలమంది తొక్కి నున్నబరిచిన మెట్టు. విచిత్రమేమంటే అందరూ ఎక్కిన దారి కాబట్టి సులువు అనిపించేది అదే, జారేదీ అదే. దాని పక్కనే ఒక జానెడు దూరంలో గరుకు రాయి ఉంటుంది, అక్కడ వేయండి పాదం.

అడుగు

బూటు అడుగు తుడవకుండా రాయెక్కొద్దు. కంకర బాట మట్టి, గడ్డి తడి రెండూ రబ్బరుకు, రాయికి మధ్య గోలీల్లా పనిచేస్తాయి. ఒక పాదం మీద నిలబడి రెండో బూటును ప్యాంటు కాలికి రుద్దుకుంటే చాలు.

వాలు మీద పాదం మొత్తం ఆనాలి. మునివేళ్ళ మీద నిలబడితే ఆనే జాగా తగ్గి పిక్కలు వణుకుతాయి. మడమ కిందికి దించండి. నడుము పాదాల మీదుగా ఉండాలి. భయంతో వాలువైపు వంగి చేతులు ఆనిస్తే బరువు చేతుల మీదికి పోయి, పాదాలు రాయిని కిందికి నొక్కడం మాని బయటికి తోస్తాయి, ఇంకేముంది, జారడమే. మొదటిసారి వచ్చినవాళ్ళు పడేది ఎక్కువగా ఇందుకే. నిటారుగా నిలబడటం ప్రమాదంలా అనిపించినా పట్టు దొరికేది అలాగే.

అడుగులు చిన్నవిగా వేయండి. మోకాలి ఎత్తు దాటిన మెట్టు ఎక్కాల్సివస్తే పక్కకు వెతకండి, చిన్న మెట్టు తప్పకుండా ఉంటుంది. గంతులొద్దు. పక్కపక్కనే ఉన్న గుండ్ల పైభాగాలు ఒకే బండలా కనిపిస్తాయి, మధ్యన ఉన్న సందు రెండంతస్తుల లోతుండొచ్చు. మీటరు సందే కదా అని దూకితే అవతల దిగేది గుండ్రటి నున్నటి భుజం మీద, ఆపుకోవడానికి చదును ఉండదు.

దిగడమే అసలు పని. ఎక్కేటప్పుడు కళ్ళు పాదం ఆనే చోటికి దగ్గరగా ఉంటాయి, దిగేటప్పుడు దూరమవుతాయి, గుండ్రటి రాయి కాబట్టి తర్వాతి అడుగు అంచు కింద దాక్కుంటుంది. అందుకని ఒక నియమం పెట్టుకోండి: మూడడుగులు ఎక్కాక ఆగి, ఆ మూడూ దిగి చూడండి. సులువుగా దిగగలిగితే ముందుకు పోవచ్చు. కూర్చుని జరగాల్సివస్తే అక్కడితో చాలు. తేలిక వాలుకు ముఖం బయటికి, మోకాళ్ళు వంచి. కాస్త వాలెక్కువైతే పక్కకు తిరిగి అడ్డంగా. అంతకు మించితే ముఖం రాయివైపు తిప్పి నిచ్చెన దిగినట్టు. ప్యాంటు మీద జారుతూ దిగితే రాయి మధ్యలో ఆపదు, వేగం పెంచుతుంది.

గుండు కింద దట్టమైన పరుపులు పరిచి ఎవరైనా పైకి పాకుతుంటే వాళ్ళు బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా గుండ్లెక్కే ఆట, ఆడుతున్నట్టు. ఈ చోటు ఆ ఆటకు పేరుమోసింది. వాళ్ళ కిందినుంచి, పరుపుల మీదినుంచి నడవొద్దు. పడేవాడికి మీరు అడ్డం, మీకు వాడు గండం.

తడి, నీడ, ఉత్తరం

వాన వెలిసిన వెంటనే ఎక్కొద్దు. ఎంతసేపు ఆగాలి అంటే గడియారం చెప్పదు, రాయి చెబుతుంది. ఇక్కడ మనవాళ్ళు పొరబడే సంగతి ఒకటుంది. దక్షిణార్ధగోళంలో పట్టపగలు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. కాబట్టి ముందు ఆరేది గుండు ఉత్తరపు ముఖం, చివరిదాకా తడిగా ఉండేది దక్షిణపు ముఖం. ఎండ తగిలే వైపు ఎక్కి నీడవైపు దిగితే పొడి రాయి మీద ఎక్కి తడి రాయి మీద దిగినట్టు అవుతుంది. చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, నీడవైపు మధ్యాహ్నం దాకా పలచటి మంచుపొర ఉంటుంది, కంటికి తడిలా కూడా కనిపించదు. అరచేయి ఆనించి చూడండి.

పొద్దున్నే మంచు పడిన గడ్డిలో నడిచి నేరుగా రాయెక్కినా తడి రాయి ఎక్కినట్టే. తొమ్మిదిన్నర, పది దాకా టీ తాగుతూ కూర్చోండి. డిసెంబరులో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, తొందరేం లేదు. జూన్‌లో అయిదింటికే పొద్దు గూకుతుంది, మూడున్నరకల్లా వెనక్కి తిరగండి.

అమ్మానాన్నలతో, పిల్లలతో

అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు ఎక్కువగా ఈ చోటికి వచ్చేది ఇంటి నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడే. మోకాళ్ళ నొప్పులుంటే కంకర బాట చివరి దాకా, తొలి గుండ్ల నీడ దాకా చాలు. అక్కడినుంచే లోయంతా కనిపిస్తుంది, ఎక్కినవాళ్ళకు అదనంగా దక్కేది గాలే. చేతికర్ర కొనకు రబ్బరు తొడుగు తప్పనిసరి. ఇనుప మొన ఈ మెత్తరాయి మీద తెల్లటి గీతలు పెడుతుంది, పైగా జారుతుంది. చీర కడితే కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని కింద లెగ్గింగ్స్ వేసుకుంటే గాలికి ఇబ్బంది ఉండదు. చున్నీ మెడకు వేలాడదీయకుండా నడుముకు కట్టేయండి.

పిల్లలు ఈ సందులు చూడగానే దాగుడుమూతలు మొదలుపెడతారు. ఆ ఆట గడ్డి మీద సరే, గుండు పైన కాదు. మలుపు తిరగ్గానే బండ అయిపోయే చోట్లు చాలా ఉన్నాయి. ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళు పిల్లలకు కిందివైపు ఉండాలి, చేయి పట్టుకుని పైనుంచి లాగకూడదు. లాగితే బిడ్డ పాదాలు రాయిని వదిలేస్తాయి. పిరుదుల దగ్గర చేయి ఆనించి, పాదం ఎక్కడ పెట్టాలో నోటితో చెప్పండి.

చీలమండ బెణికితే బూటు విప్పకుండా ముందు కార్ పార్కు దాకా చేర్చడం గురించి ఆలోచించండి. విప్పితే వాపుకు మళ్ళీ ఎక్కదు. బండి చేరాక విప్పి, క్రేప్ బ్యాండేజీ పాదం నుంచి పైకి చుట్టి, ఫ్రిజ్‌లోని చల్లటి సీసా గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎముక సంగతి చూపించాలి. ప్రమాదంలో తగిలిన గాయాల వైద్యానికి ఆ దేశపు ఏసీసీ పథకం సందర్శకులకూ కొంత ఖర్చు భరిస్తుంది. ప్రయాణబీమాకు అది బదులు కాదు.

చేయకూడనివి, ఎందుకంటే

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో ఈ కొండ పేరు కురా తాఫితి, దూరదేశపు నిధి అని అర్థం. నాయ్ తాహు అనే మావోరీ తెగవారికి ఇది పూజ్యమైన చోటు, ప్రభుత్వంతో వాళ్ళకు కుదిరిన 1998 నాటి ఒప్పందపు చట్టం కింద దీనికి తోపుని హోదా, అంటే ఈ చోటితో తెగవారికున్న విలువలకు చట్టపు గుర్తింపు, ఉంది. రాతి చూరుల కింద కొన్నిచోట్ల బొగ్గుతో వేసిన పాత బొమ్మలున్నాయి. చేత్తో తాకొద్దు, చేతి జిడ్డుకే అవి చెరిగిపోతాయి. పేర్లు చెక్కడం గురించి చెప్పాల్సిన పని ఉండకూడదు, కానీ కాల్సైట్ ఎంత మెత్తనో పైన చెప్పాం, తాళంచెవి గీతకూడా ఏళ్ళ తరబడి ఉంటుంది. సున్నపురాయేనా అని నిమ్మరసం పిండి చూసే బడి ప్రయోగం కూడా వద్దు. పొంగుతుంది, నిజమే. పొంగినంత మేరా రాయి కరిగిపోతుంది.

కుక్కలకు, మంటలకు, రాత్రి బసకు అనుమతి లేదు. డ్రోను ఎగరేయాలంటే ముందే డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్ అనుమతి తీసుకోవాలి. కంచె వేసిన ఒక భాగం 1954లో మొక్కల కోసమే కేటాయించిన రిజర్వు. ప్రపంచంలో మరెక్కడా పెరగని కాసిల్ హిల్ బటర్‌కప్ అనే పసుపు పూల మొక్క ఆ రాతి పొడిలో పెరుగుతుంది. కంచె దాటొద్దు.

పక్కనే ఉన్న గుహ

కొన్ని కిలోమీటర్లు ముందుకు పోతే కేవ్ స్ట్రీమ్ ఉంది, సున్నపురాయిని తొలుచుకుపోయిన 594 మీటర్ల వాగు గుహ. బెలూం గుహలు చూసిన ధైర్యంతో లోపలికి పోవద్దు. బెలూంలో దీపాలు, బాట, టికెట్టు ఉంటాయి. ఇక్కడ చీకటి, నడుము దాకా మంచులాంటి నీళ్ళు, చివర మూడు మీటర్ల జలపాతం పక్కన ఇనుప కమ్ములు పట్టుకుని ఎక్కడం. ఎప్పుడూ దిగువ నోటి నుంచే లోపలికి వెళ్ళి ఎగువకు నడవాలి. మనిషికి రెండు లైట్లు, హెల్మెట్, ఉన్ని లేదా పాలీప్రొపిలీన్ బట్టలు కావాలి. నూలు బట్టలు తడిస్తే వెచ్చదనం ఇవ్వవు. తొలి మడుగులోనే నీరు నడుము దాటినా, మురికిగా నురగతో ఉన్నా వెనక్కి వచ్చేయండి. ఇవన్నీ లేకపోతే బయటి నడకబాట చూసుకుని రావడమే సరి.

రాత్రి బస

కార్ పార్కులో పడుకోకూడదు. ఆర్థర్స్ పాస్ వైపు ఇంకాస్త దూరం పోతే లేక్ పియర్సన్ ఒడ్డున మోఆనా రూఆ అనే ప్రభుత్వ క్యాంపు స్థలం ఉంది. సౌకర్యాలు తక్కువ, నీళ్ళు మరిగించి తాగాలి. బండికి స్వయంసమృద్ధి పత్రం (నీళ్ళు, మురుగు, మరుగుదొడ్డి ఏర్పాట్లు బండిలోనే ఉన్నాయని తెలిపేది) ఉంటే దాన్ని అద్దం మీద కనబడేలా ఉంచండి. 2023 చట్టం తర్వాత ఆ పత్రానికి బండిలో కదలకుండా బిగించిన మరుగుదొడ్డి ఉండాలి. సీటు కింద దాచే పోర్టబుల్ డబ్బా చాలదు.

అన్నం వండేటప్పుడు చలికి జడిసి కిటికీలన్నీ మూసేయకండి. గ్యాస్ మంట గాలిని తినేస్తుంది, అన్నం ఆవిరి తెల్లారేసరికి పైకప్పు నుంచి దుప్పట్ల మీదికి కారుతుంది. పైకప్పు కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి. గిన్నెలు కడిగిన నీళ్ళు చెరువొడ్డున పారబోయకూడదు, ట్యాంకులోనే పోవాలి. మర్నాడు ఆర్థర్స్ పాస్ దాకా వెళ్తే కియా అనే ఆకుపచ్చ చిలుకలు బండి మీద వాలతాయి. ముద్దొచ్చి తిండి పెట్టొద్దు. అవి వైపరు రబ్బరును, కిటికీ అంచుల రబ్బరును ముక్కుతో పీకేస్తాయి, ఆ బిల్లు అద్దె బండి తిరిగిచ్చే రోజు మీకే వస్తుంది.